మైకులో బుడే గొంతు

జానీబీ ఆ వారమంతా ఒక మనిషి మీద కారంతో కక్ష తీర్చుకుంది. గోంగూరలో పండుమిరపకాయలు రెట్టింపు వేసి నూరింది. పప్పులో ఎండుమిరపకాయలు గుప్పెడు తుంచి పడేసింది. ఆ అన్నం తినవలసినవాడు మాలిక్. జొన్నలపూడి మసీదులో జనాన్ని నమాజుకు పిలిచే అజా ఇవ్వడానికి కొత్తగా వచ్చిన మనిషి. ఊళ్ళోని సాయిబుల ఇళ్ళు వంతులేసుకుని వారానికొక ఇల్లు అతనికి అన్నం పెడుతున్నాయి. ఆ వారం వంతు జానీబీది. అతను ముక్కు తుడుచుకుంటూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మెతుకు మిగల్చకుండా తిని, "బహుత్ అచ్ఛా, అమ్మా" అని సలాం చేసి వెళ్ళేవాడు. ఆ మంచితనం చూస్తే ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది. తిట్టడానికి కూడా సందివ్వని మనిషిని ఏం చేసుకోవాలి?

కోపం అతని కారణంగానే గాని అతని మీద కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అతను వచ్చి కూర్చున్నది ఆమె మొగుడు బుడే నిలబడిన చోట.

ముప్పై ఏళ్ళు ఆ మసీదులో అజా ఇచ్చింది బుడేనే. సాయిబుల ఇల్లన్న మాటే గాని జొన్నలపూడిలో ఏ సాయిబుల ఇంట్లోనూ ఉర్దూ లేదు. జోలపాటా తెలుగే, తిట్టూ తెలుగే. అందుకని బుడే నోట్లో అరబ్బీ మాట కూడా తెలుగు మాటలాగే చివర ఒక అచ్చు తోడు తెచ్చుకుని బయటికి వచ్చేది. గొంతు బొంగురు. దుక్కి దున్నేవాడు పొలం అవతలి గట్టు మీద మనిషిని కేకేసినట్టుండేది. అయితేనేం, తెల్లారుజామున ఆ కేక వినపడితే ఊళ్ళో సాయిబులు నమాజుకు లేచేవాళ్ళు, మిగతావాళ్ళు పొలం పనికి లేచేవాళ్ళు. పత్తికి మందు కొట్టేవాళ్ళకు అదే గడియారం.

అజా ఒక్కటే కాదు. ఆ చుట్టుపక్కల మసీదు డాబా కంటే ఎత్తయిన కట్టడం లేదు, మసీదు మైకు కంటే గట్టిగా పలికే మైకూ లేదు. "ఊరి ప్రజలందరికీ విన్నపం" అని బుడే మొదలుపెట్టాడంటే ఊరు చెవి ఒగ్గేది. ఎవరైనా పోతే ఆ కబురు, రేషను కొట్టుకు కిరసనాయిలు వస్తే ఆ కబురు, గేదె తప్పిపోతే దాని కొమ్ముల వివరంతో సహా ఆ కబురు, అన్నీ రెండేసి సార్లు చెప్పేవాడు. ఇక మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్నన్నాళ్ళూ మధ్యాహ్నం నమాజు కాగానే డాబా ఎక్కి తూర్పుకేసి చూసి వచ్చేవాడు. సముద్రం వైపు నల్లగా కనపడితే చాలు, "మబ్బు పట్టింది, కల్లాలు చూసుకోండి" అని ఒక్క కేక. భోజనం చేసి కునుకు తీస్తున్న మగవాళ్ళు టార్పాలిన్ పట్టాలు భుజాన వేసుకుని పరుగెత్తేవాళ్ళు. ఏడాది పంట, ఎర్రటి ఎండలో పరిచిన పంట, ఒక్క వానకు తెల్లబడి తాలైపోకుండా ఆ బొంగురు గొంతు ఎన్నిసార్లు కాపాడిందో లెక్క లేదు.

అలాంటి గొంతుకు ఉన్నట్టుండి వంక వచ్చింది. వంక పెట్టినవాడు ఖాజావలి, మసీదు కమిటీ ప్రెసిడెంటు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసి నాలుగు రాళ్ళు వెనకేసుకుని, ఊరి మసీదుకు గచ్చు వేయించి, రంగులు కొట్టించినవాడు. ఆ మంచి పని కాదనేవాళ్ళు లేరు. చలికాలం మొదట్లో అతని ఇంటికి సంబంధం మాట్లాడటానికి గుంటూరు నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. ఉర్దూ తప్ప ఇంకో మాట ఆడనివాళ్ళు. వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్న వేళకు బుడే అజా ఎత్తుకున్నాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన ముద్ద కింద పెట్టి, "ఎద్దుల్ని అదిలిస్తున్నారా ఎవరైనా?" అని అడిగాడట. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారట. పోనీ అని ఊరుకుంటే, వెంటనే అదే మైకులో, "బుల్లయ్య గారి చుక్కల గేదె కనపడటం లేదు" అని కూడా వినపడింది. ఖాజావలికి తల తీసేసినట్టయింది.

మర్నాడే బుడేని పిలిపించాడు. జానీబీ కూడా వెంట వెళ్ళి గోడ పక్కన నిలబడింది.

"ఇది మసీదా, చావడా? గేదెలు, కిరసనాయిలు... ఇక ఆ మైకులో తెలుగు వినపడకూడదు. అల్లా పేరు తప్ప ఇంకో మాట రాకూడదు. ఆ పేరైనా అందంగా పలికేవాణ్ణి పిలిపిస్తన్నా. నువ్వు ఊడ్చటం, నీళ్ళు నింపటం చూసుకో. నీ జీతం నీకుంటది," అన్నాడు ఖాజావలి.

బుడే తల వంచుకుని, "సరేనండి," అన్నాడు.

ఆ "సరేనండి" వినగానే జానీబీ గోడ పక్కనుంచే అందుకుంది. "ఖాజావలీ! మీ అమ్మ నిన్ను ఏ భాషలో జోకొట్టిందిరా? ఆవిడకి ఉర్దూలో ఒక్క మాటొచ్చా? ఆవిడ పోయిన రోజున ఊరికి కబురు చెప్పింది ఈ గొంతే. ఆ రోజు నీకు సిగ్గుగా లేదే!"

"ఖాలా, మీకు అర్థం కాదు," అన్నాడతను. మొన్న మొన్నటి దాకా నోరారా 'పిన్నీ' అని పిలిచినవాడు. ఈ ఖాలా కొత్తగా వచ్చింది, గచ్చుతో పాటు.

మాలిక్ వచ్చాడు. బీహారు మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి రోజు అతను అజా ఇస్తుంటే జానీబీ వాకిట్లో బియ్యం ఏరుతోంది. చేట అలాగే ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయింది. ఆ గొంతు నీళ్ళ మీద నడిచి వచ్చినట్టు వచ్చింది. ఎక్కడ లాగాలో అక్కడ లాగి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఆ ఆపిన చోట కూడా ఏదో మోగుతున్నట్టుండి... బాగుంది. అబద్ధం ఎందుకాడాలి, చాలా బాగుంది. అదే ఆమెకు పుండు మీద కారం. బాగా లేకపోతే ఎంత తిట్టుకునేదో!

ఊరు మాత్రం మురిసిపోయింది. అందులో మొదటివాడు బుల్లయ్య. రోజంతా టీ బంకు దగ్గర అదే మాట. "ఏం గొంతురా బాబూ! ఒక్క ముక్క అర్థం కాకపోయినా వినబుద్దేస్తంది. బుడేగాడు అరిస్తే ఉలిక్కిపడి లేచేవాళ్ళం. ఈయన పిలిస్తే హాయిగా నిద్ర పడతంది."

నిద్ర పట్టించడానికా అజా? ఎవరూ అడగలేదు.

ఈ బుల్లయ్యే కాయ కోతలకు పాలమూరు నుంచి వచ్చిన కూలీలు "వచ్చిండు, పోయిండు" అంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "అసలు తెలుగంటే మా గుంటూరు తెలుగే," అని జబ్బలు చరుచుకునేవాడు. అదే గుంటూరు తెలుగు బుడే మైకులో మాట్లాడితే మోటు. మనిషికి పైవాడి మాట తియ్యన, కిందివాడి మాట నవ్వులాట, పక్కింటివాడి మాట గోల. ఆ మాటకొస్తే జానీబీ కూడా ఆ కూలీల యాసను వెక్కిరించి కల్లంలో ఆడవాళ్ళను నవ్వించిన మనిషే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు ఆమె కోపం కాస్త తడబడేది. తడబడి, మళ్ళీ ఖాజావలి మీదికి తిరిగేది.

ఇంట్లో మొగుడితో వేగడం ఇంకో ఎత్తు. బుడే ఏమీ అనేవాడు కాదు. పొద్దున్నే వెళ్ళి మసీదు ఊడ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కునే తొట్టి నింపి వచ్చేవాడు. డాబా ఎక్కడం మానేశాడు. వేళయ్యేసరికి మాత్రం పెదవులు కదిలేవి. గొంతు రాకుండా లోపల్లోపలే అజా ఇచ్చుకునేవాడు. అది చూసి, "పైకి అనరాదా! దొంగతనమా?" అని ఆమె కసిరితే గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

మాఘమాసం చివర్లో, మిరపకాయలు కల్లాల నిండా ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, జానీబీ బుల్లయ్య కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. పక్కనే ఆమెదీ బుడేదీ కౌలు చెక్కలో పండిన కాయలు ఇంకో కుప్ప. ఘాటుకు తుమ్ములూ దగ్గులూ. తాటాకు పందిరి కింద, తూర్పుకు వీపులు పెట్టి కూర్చున్నారు ఆడవాళ్ళు. మగవాళ్ళంతా ఊళ్ళో భోజనాలు చేసి నడుం వాల్చిన వేళ.

అప్పుడు మసీదు మైకులో మాలిక్ గొంతు లేచింది.

"ఇప్పుడేం నమాజు వదినా?" అంది కోటిరత్నం, జానీబీ పక్కన కూర్చుని ఏరుతున్న మనిషి.

మధ్యాహ్నం నమాజు ఎప్పుడో అయిపోయింది. సాయంత్రం నమాజుకు ఇంకా పొద్దుంది. "నిద్ర మత్తులో వేళ మర్చిపోయుంటాడు," అంది జానీబీ వెటకారంగా.

"పోనీలే, వినటానికి బాగుంది," అంది కోటిరత్నం, చేతులు ఆపి.

అజా అయిపోయింది. అయిపోయిన వెంటనే మళ్ళీ మొదలైంది. ఈసారి ఆ గొంతులో వణుకు ఉంది. జానీబీ చేతిలో కాయలు జారిపోయాయి. ఉప్పెన వచ్చిన ఏడు, గాలికి ఇళ్ళ కప్పులు లేచిపోతుంటే, బుడే మసీదు గుమ్మం పట్టుకుని ఇలాగే వేళ కాని వేళ అజా మీద అజా ఇచ్చాడు. ఆపద ముంచుకొస్తే దేవుణ్ణి అలా పిలవడం వాళ్ళలో పాత అలవాటు. ఆమె గిరుక్కున తూర్పుకు తిరిగింది. ఆకాశం అడుగు నుంచి నల్లగా లేచి వస్తోంది.

తెలుగు రాని ఆ పరాయి మనిషి తనకు తెలిసిన ఒక్క దారిలో ఊరిని కేకేస్తున్నాడు!

"మబ్బే! కాయలు కుప్పకి లాగండే! మగాళ్ళని లేపుకొస్తా!" అని అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా జానీబీ ఊళ్ళోకి పరుగెత్తింది. పట్టాలన్నీ ఊళ్ళో ఇళ్ళలో ఉన్నాయి. పది మంది ఆడవాళ్ళు చేతులతో ఎన్ని కాయలు లాగగలరు?

ఊరు పడుకుని ఉంది. పడుకుని వింటోంది. బుల్లయ్య వేపచెట్టు నీడన మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, పాదం ఊపుతున్నాడు.

"బుల్లయ్యా! లెయ్! మబ్బొచ్చేసింది!"

"ఉండు జానీబీ, పూర్తి కానియ్యి. ఇయ్యాల మూడోసారి పాడుతున్నాడు. మీ ఉర్దూలో ఏవుందో గాని..."

"అది ఉర్దూ కాదు, పాటా కాదు! కల్లం మునిగిపోతందయ్యా!"

అతను కళ్ళు తెరిచేసరికి మొదటి చుక్క అతని బుగ్గ మీదే పడింది.

ఆమె వీధి వెంట అరుచుకుంటూ పోయింది. ఒక్క గొంతు ఎంత దూరం పోతుంది? ఒక గుమ్మంలోంచి ఒకడు, ఇంకో గుమ్మంలోంచి ఇంకొకడు, పంచె సర్దుకుంటూ, పట్టా ఎక్కడుందో పెళ్ళాన్ని అడుగుతూ బయటికి వచ్చేసరికి వాన దబదబా దిగింది. తన ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయింది జానీబీ. బుడే గడప మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద. చూరు నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా కదలకుండా.

"ఏవయ్యా! వినపళ్ళా నీకు?"

"వినపడింది."

"అర్థం కాలా?"

"మొదటిసారికే అయింది."

"మరి లేవవేం? పక్కనేగా మసీదు! ఒక్క మాట అంటే పొయ్యేదిగా!"

"నా మాట మైకులో వినపడకూడదన్నారుగా," అన్నాడు బుడే.

ముప్పై ఏళ్ళు ఏ మనిషికీ ఎదురు చెప్పనివాడు, ఆఖరికి ఎదురు చెప్పడానికి చూసి చూసి ఈ రోజును ఎంచుకున్నాడు! "మన కాయలు కూడా అక్కడే ఉన్నయ్యయ్యా, నీ రోషం తగలెయ్య!" అని అరిచి, ఆ వానలోనే గుమ్మం ముందు కూలబడి ఏడ్చింది. మొగుడి మీద కోపం, ఊరి మీద కోపం, ఆ గడప మీద కూర్చున్న మనిషిని చూస్తే జాలి. ఏది ఏదో ఆమెకే తెలియలేదు.

పొద్దున్నే మసీదు అరుగు ముందు ఊరు పోగైంది. ఒక్క కల్లం మిగల్లేదు. తడిసిన కాయ వాసన వీధుల్లో ముక్కిపోయినట్టు కమ్ముకుంది. ఖాజావలి గుంటూరు నుంచి జీపులో దిగాడు. ఈ ఊరి కాయలన్నీ అతని కొట్టుకే పోవాలి మరి. మాలిక్ ఒక వారగా స్తంభానికి ఆనుకుని, రాత్రంతా నిద్ర లేని కళ్ళతో ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు.

బుల్లయ్య నేరుగా బుడే మీదికి వచ్చాడు. "ఒరేయ్ బుడే! నీ నోరు పడిపోయిందంటరా? ముప్పై ఏళ్ళు అరిచావు, నిన్న ఒక్క రోజు అరవలేకపోయావా? పంటంతా బూజు పట్టిపోతంది కదరా!"

జానీబీ గోడ పక్కన నిలబడి ఉంది. ఇక అక్కడ నిలబడలేకపోయింది. ఆడవాళ్ళు రాని ఆ అరుగు దగ్గరికి కొంగు బిగించి వచ్చి నిలబడింది.

"ఎవరిని అడుగుతున్నావు బుల్లయ్యా? ఆయన అరిస్తే నీకు నిద్ర చెడిపోద్దన్నావుగా! నిన్న లెమ్మన్నా నిద్ర పోయావుగా హాయిగా! ఇదుగో ఈ పిల్లోడు గొంతు చించుకుని మూడుసార్లు మొత్తుకున్నాడు. పాటన్నావు. కాలు ఊపుకుంటా విన్నావు. ఆయన్ని అడిగే మొహం నీకుందా?"

బుల్లయ్య ఖాజావలికేసి తిరిగాడు.

ఖాజావలి గొంతు సవరించుకున్నాడు. "జరిగిందేదో జరిగింది. ఇక మీదట ఇట్టా చేద్దాం. అజా మాలిక్ ఇస్తాడు. వాన కబురూ, ఊరి కబుర్లూ బుడేనే చెప్తాడు, తెలుగులో. ఎవరి పని వాళ్ళది. ఏవంటారు?"

అందరి తలలూ ఊగాయి. బుల్లయ్య మొహం విప్పారింది. "బంగారం లాంటి మాట! దేవుడికి తియ్యటి గొంతు, మాకు బుడే గొంతు."

వాళ్ళు నిజంగానే గౌరవం చేశామనుకుంటున్నారు! జానీబీకి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. "నీ కాయలకి పనికొచ్చే గొంతు నీ దేవుడికి పనికిరాదా ఖాజావలీ? గేదెలకీ మబ్బులకీ మా ఆయనా, అల్లాకి ఇంకొకరా? మరి ముప్పై ఏళ్ళు ఆ అల్లా వినలేదా? చెవులు మూసుకున్నాడా?"

"అది కాదు పిన్నీ..." అన్నాడు ఖాజావలి. కంగారులో ఖాలా జారిపోయింది.

"సరేనండి," అన్నాడు బుడే, లేచి నిలబడి.

మళ్ళీ సరేనండి! జానీబీకి ఆ క్షణాన మొగుణ్ణి చేతికందిన దానితో కొట్టాలనిపించింది. "నీకు సిగ్గు లేదటయ్యా?" అంది. బుడే ఆమెకేసి ఒక్కసారి చూసి, మైకు గదిలోకి వెళ్ళాడు. మాలిక్ చప్పున పక్కకు జరిగి దారి ఇచ్చాడు. మైకు ముందు ఉఫ్ ఉఫ్ అని ఊదిన చప్పుడు ఊరంతా వినపడింది. మొదటి కబురు ఏం చెబుతాడోనని అరుగు ముందు జనం నవ్వు మొహాలు పెట్టుకుని తలలెత్తారు.

"ఊరి ప్రజలందరికీ విన్నపం. నేను బుడేని మాట్లాడుతున్నాను. ముప్పై ఏళ్ళు మీ అందరికీ నిద్రాభంగం చేశాను. తప్పయితే మన్నించండి. ఈ మైకులో నా గొంతు వినపడటం ఇదే ఆఖరు. అల్లాకి పనికిరాని గొంతుతో మీకు మాత్రం ఏం పని? ఇక మీదట మబ్బు పట్టినా, గాలి లేచినా, ఎవరి ఆకాశం వాళ్ళు చూసుకోవాల్సిందిగా కోరుతున్నాను."

టక్కున మైకు కట్టేసిన శబ్దం వచ్చింది.

బుల్లయ్య తల వంచుకున్నాడు. ఖాజావలి మైకు గది గుమ్మంకేసి చూస్తూ ఉండిపోయాడు. జానీబీ కళ్ళు తుడుచుకోలేదు. ఆ బొంగురు గొంతు అంత బాగా పలకడం ఆమె ఎన్నడూ వినలేదు.

ఏ విన్నపమైనా రెండుసార్లు చెప్పే మనిషి, దీన్ని ఒక్కసారే చెప్పాడు. రెండోసారి అవసరం లేకపోయింది. అచ్చ తెలుగులో చెప్పాడు కాబట్టి, అర్థం కాలేదనడానికి ఊళ్ళో ఎవరికీ వీలు లేదు.